తెగని ధార

నురగ ఇంకా తెల్లగానే ఉంది కాబట్టి లోపల ఇంకా గాలి ఉన్నట్టే, కానీ తెలుపులోనూ తేడాలుంటాయి, ఇందాకటిది పొంగుతున్న పాల మీది తెలుపు, ఇప్పటిది కాస్త పలచబడి బియ్యం కడిగిన నీళ్ళ తెలుపు, లేక తనకలా కనిపించాలని ఉండి కనిపిస్తోందా, మనసు కోరుకున్నదాన్ని కన్ను ఎక్కణ్ణుంచో వెతికి తెచ్చి ముందు పెడుతుందన్న సంగతి ఆమెకు కొత్త కాదు, గుడ్లను దీపానికి ఆనించి చూసే పనిలో మొదట వదిలించుకోవలసిన రోగమే అది, ప్రాణం ఉండాలని కోరుకుంటూ చూస్తే మురిగిన గుడ్డులో కూడా ఎర్రటి దారం కదిలినట్టే ఉంటుంది. అందుకే ఆమె ఏ ఆశా పెట్టుకోకుండా చూడడం అలవాటు చేసుకుంది. అది గుడ్ల దగ్గర. ఇక్కడ, హేచరీ వెనక ఉన్న ఈ జనరేటర్ గదిలో, ఆగిపోయిన ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చేత్తో పానా పట్టుకుని, కుడి బొటనవేలితో చేతిపంపు మీటను నొక్కుతూ వదులుతూ, ఫిల్టర్ నెత్తిన వదులు చేసిన గాలి స్క్రూ చుట్టూ డీజిల్ నురగ బుసబుసమని ఊరుతూంటే, ఆశ లేకుండా చూడడం ఎలాగో ఆమెకు తెలియడం లేదు.

"ఆగావేం?" అంది గుమ్మం దగ్గర్నుంచి అక్క.

"ఆగలేదక్కా, వేలు మార్చుకుంటున్నా."

"వేలు మార్చుకో. ఊపిరెందుకు బిగబట్టావ్? ఇంజనుకి పట్టిన గాలి చాలదా, నువ్వు కూడా పట్టించుకుంటున్నావు. ముందు నీది వదులు."

ఆమె వదిలింది. బిగబట్టినట్టు తనకే తెలియలేదు, గుమ్మంలో కూర్చున్న మనిషికి, అదీ కళ్ళు కనపడని మనిషికి ఎలా తెలిసింది. చిన్నప్పుడు కోపం వస్తే ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయేదట, అమ్మ మొహాన నీళ్ళు కొట్టేదట. పెద్దయ్యాక కోపం మాటల్లోకి జారకుండా ఆపుకోవడానికి ఆ పాత ఉపాయమే పనికొచ్చింది, ఎవరికీ కనిపించకుండా, పక్కటెముకల కింద. భర్త ఇన్నేళ్ళలో గమనించలేదు. అక్క గమనించింది. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు, బావగారి భార్య, తనకంటే చాలా ముందు ఈ ఇంటికి వచ్చి, ఎవరూ అప్పగించకుండానే ఈ ఇంజనును చేతిలోకి తీసుకున్న మనిషి. తను వచ్చాక గుడ్ల గది తనదైంది, ఇంజను అక్కదిగానే ఉండిపోయింది. ఈ వారం మాత్రం అక్క కంటికి ఆపరేషన్. ఒక కంటికి కట్టు, రెండో కంటికి నల్లద్దం, ఆ రెండో కన్ను ఎప్పుడూ అంతంత మాత్రమే. తల వంచితే లోపల వేసిన కుట్టు కదులుతుందని డాక్టర్ బెదిరించాడు. అందుకని బోర్లించిన గుడ్ల పెట్టె మీద, మెడకు బద్ద కట్టినట్టు నిటారుగా కూర్చుని, ఇంజను వైపు చెవి పెట్టి ఉంది.

పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. బావగారూ, తన భర్తా కోడిపిల్లల పెట్టెలు వ్యాన్లో వేసుకుని ఎక్కడో దూరపు ఫారాలకు పోయారు. అదనపు బ్యాటరీ ఆ వ్యాన్లోనే ఉంది. ఫోన్లో బావగారు కంగారుపడిపోయి, "మీరేం ముట్టుకోకండి, మెకానిక్కి చెప్తున్నా, సాయంత్రానికల్లా వస్తాడు," అంటే, "సాయంత్రానికి అతను చూడ్డానికి ఇక్కడేం మిగలదు. వచ్చి టీ తాగి వెళ్ళాలి, అంతే," అని అక్క పెట్టేసింది. ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూసే పని ఇన్నేళ్ళూ అక్కది. అక్క కళ్ళు మూసుకున్న ఈ వారం అది ఎవరిదో ఎవరూ అనుకోలేదు. పొద్దున్నుంచీ నడుస్తున్న ఇంజను ఒకసారి దగ్గింది, సర్దుకుంది, మళ్ళీ దగ్గి ఆగిపోయింది. గుడ్ల గదిలో ఫ్యాన్ల హోరు నెమ్మదిగా సన్నగిల్లి, దాని కింద అప్పటిదాకా అణిగి ఉన్న వేల గొంతుల కిచకిచ ఒక్కసారిగా బయటపడింది.

ఆమె పరుగెత్తుకొచ్చి క్యానులో డీజిల్ ట్యాంకులో పోసి స్టార్టర్ బటన్ నొక్కింది. లాంతరులో నూనె అయిపోతే పోసి వెలిగిస్తాం, అంతేగా అనుకుంది. ఇంజను గిర్రున తిరిగిందే గాని అందుకోలేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది, ప్రతిసారీ ఆ తిరగడంలో జోరు తగ్గింది, చివరికి మోకాళ్ళ నొప్పుల మనిషి మంచం మీంచి లేస్తున్నట్టు మూలిగింది. అప్పుడు గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చింది అక్క. తిట్టలేదు. "చెయ్యి తియ్యి. బ్యాటరీలో ఇంకొక్కసారికి ఉంది, అది దాచిపెట్టు," అంది. ఆ తర్వాత, పిల్లలకు చెప్పినట్టు కాకుండా, మామూలుగా, దారి అడిగినవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది: ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఇంజను గాలి పీల్చుకుంది, ఆ గాలి ఇప్పుడు ఫిల్టర్లలోనూ పంపులోనూ కూర్చుంది. డీజిల్ నొక్కితే నలగదు, అందుకే తోస్తే పోతుంది. గాలి నలుగుతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది, పంపు ఎంత తోసినా మధ్యలో దూదిమూటలా కూర్చుని ఆ తోపునంతా తనే తినేస్తుంది. ఎయిర్ తీయాలి. ట్యాంకుకి దగ్గరున్న ఫిల్టర్తో మొదలుపెట్టి వరసగా రావాలి. ఎవరు తీయాలి అన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఇంకొక్కసారికి ఉంది. ఆ మాట ఆమె తలలో ఒక మూల కూర్చుని లేవడం లేదు. మీట నొక్కుతుంటే, వదులుతుంటే, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి. గాలి పూర్తిగా పోకముందే ఆ ఒక్కసారిని వాడేస్తే ఇక నొక్కడానికేమీ ఉండదు. వాడకుండా కూర్చుంటే గోడకు అవతల, పొదుగు పెట్టెల్లో, ఈ రోజే బయటికి రావలసినవి. వాటి సంగతి ఆమెకు అక్కకంటే బాగా తెలుసు. మొదటి రోజుల్లో గుడ్డు చల్లబడితే కాస్త ఆగుతుంది, ఆలస్యంగా పెరుగుతుంది, క్షమిస్తుంది. చివరి రోజున క్షమించదు. అప్పటికి లోపలున్నవి గుడ్లు కావు, కోళ్ళే, ఒళ్ళు కాగుతుంటాయి, వేడి అవే పుట్టిస్తాయి, గాలి అవే పాడుచేసుకుంటాయి. పెట్టె తలుపులు మూసి ఉంచితే ఉక్కిరిబిక్కిరై పోతాయి. బార్లా తెరిస్తే తేమ పోయి, గుడ్డు లోపలి పొర ఎండి, సగం బయటికొచ్చిన పిల్ల ఒంటికి కాగితంలా అంటుకుపోతుంది, అది ఇక కదలలేదు. తెరిచీ తెరవకుండా బెత్తెడు సందు పెట్టి, ట్రేలు సర్దే ముసలాయన, అందరూ ట్రేల తాత అనే ఆయన, అట్టముక్కతో విసురుతున్నాడు. అన్ని పెట్టెలకు ఆయన ఒక్కడు, చేతులు రెండు.

గుడ్డు మొద్దు కొనలో చిన్న గాలి గది ఉంటుంది. పొర చించుకుని పిల్ల ముందుగా ముక్కు పెట్టేది అందులోకే. పెంకు పగలకముందే, లోకం అంటే ఏమిటో తెలియకముందే, ఆ చెంచాడు గాలి పీల్చి మొదటి కిచకిచ అంటుంది. చెవి ఆనిస్తే వినిపిస్తుంది, మూసిన పెంకులోంచి. ఆమెకు ఈ పనిలో అన్నింటికంటే ఇష్టమైన ఘడియ అదే, అందరూ పిల్ల బయటికొచ్చినప్పుడు సంబరపడతారు గాని ఆమె సంబరం దానికి ఒక రోజు ముందే అయిపోతుంది. ఇందాక స్క్రూ వదులు చేయగానే బుస్సుమని గాలి వచ్చినప్పుడు, ఎందుకో అదే గుర్తొచ్చి, "ఇంత గాలి అక్కా, ఇదే అటుంటే ఎంత బాగుండు," అని పైకే అనేసింది. "నిజమే. దానికి ఇక్కడేం పని, అటు పొమ్మను," అంది అక్క, నవ్వకుండా. అక్క తన జోకులకు తను నవ్వకపోవడం అరుదు. అప్పుడు తెలిసింది, అక్కకూ భయంగానే ఉందని.

అక్కను మొట్టమొదట ఇంజను దగ్గర చూసిన రోజు. పెళ్ళయి వచ్చిన కొత్త, ఇంట్లో ఏ గదిలో దీపం ఎక్కడుందో కూడా తెలియదు, భోజనానికి పిలవమని పంపితే వచ్చింది. ఒక మోకాలి మీద కూర్చుని ఉంది అక్క, పానా పళ్ళ మధ్య కరిచిపట్టి, ఒక వేలు స్క్రూ పక్కన ఆనించి, ఇంజను వైపు కాదు, గోడ వైపు చూస్తూ. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసేటప్పుడు తల్లి ఎటో చూస్తుందే, అలా. కింద డబ్బా పెట్టి ఉంది, ఒక్క చుక్క నేల మీద లేదు. విప్పిన రాగి వాషర్లు తెల్ల గుడ్డ మీద వరసగా, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ వరసలోనే. కొత్త ఫిల్టర్ బిగించే ముందు దాన్ని చేతిలో నిలబెట్టి, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోకి డీజిల్ సన్నగా పోస్తోంది, అది లోపలి కాగితంలోంచి ఇంకి మధ్య గొట్టంలోకి పైకి వచ్చేదాకా ఆగుతోంది, మళ్ళీ పోస్తోంది. నడిమి గొట్టంలోనే పోసేయొచ్చుగా, తొందరగా నిండుతుంది, అని తను అడిగింది, అడిగి నాలుక కరుచుకుంది, కొత్త కోడలు మాట్లాడకూడదేమోనని. పానా పళ్ళలోంచి తీసి, "అక్కడ పోస్తే వడగట్టకుండా తాగించినట్టే. చుట్టూ పోస్తే వడగట్టుకుని అదే వస్తుంది," అంది అక్క. ఆయిల్ ఫిల్టర్ కూడా అంతే, నింపకుండా బిగిస్తే ఇంజను మొదటి గుక్క గాలి మింగి, నూనె లేకుండా ఎముకలు రాసుకుంటుందట. ఎముకలు అంది, ఇంజనుకి. ఆ రోజు తను అన్నం తింటూ, పక్కన కూర్చున్న అక్క చేతులే చూసింది. గోళ్ళ కింద నలుపు లేదు. ఇంతసేపు నూనెలో ఉండి గోళ్ళ కింద నలుపు లేని చేతులు.

ఒకరిని మెచ్చుకుంటూ ఒకే ఇంట్లో బతకడం అంత తేలికేమీ కాదు. దూరంగా ఉన్నవాళ్ళను మెచ్చుకోవచ్చు, చచ్చిపోయినవాళ్ళను మెచ్చుకోవచ్చు, పొద్దున లేస్తే వంటింట్లో భుజం తగిలే మనిషిని మెచ్చుకోవడమంటే రోజంతా తనను తాను ఆమె పక్కన నిలబెట్టుకుని కొలుచుకోవడమే. ఆ కొలతలో అలిసిపోయి ఆమె తప్పులు వెతికింది. దొరికాయి. అక్క గుర్రు పెడుతుంది. ఉప్పు చూడకుండా వేస్తుంది. ఎవరైనా చెప్పిన కథను మధ్యలో అందుకుని ముగింపు తనే చెప్పేస్తుంది. ఆ తప్పుల్ని ఆమె దాచుకుంది, చలికాలానికి కట్టెలు దాచుకున్నట్టు. కానీ అవేవీ సరిగ్గా మండలేదు. నిజంగా మండింది ఒక్కటే. ఇంజను పని ఎప్పుడు చేసినా, సరిగ్గా మధ్యలో, పానా కింద పెట్టి, అక్క గుడ్ల గదిలోకి వచ్చేది. మాట్లాడేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో పెట్టె ముందూ ఆగుతూ, అద్దంలోంచి చూస్తూ, ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోయేది. తనిఖీ. తన గదిలో, తన ట్రేలను, తనను. తను ఎప్పుడైనా ఇంజను గదికి వెళ్ళి అలా చుట్టి వచ్చిందా. ఆ చుట్టు అయ్యేదాకా ఆమె ఊపిరి పక్కటెముకల కింద ఆగిపోయేది, అక్క అటు తిరగ్గానే తలుపు కాస్త గట్టిగా వేసేది. ఒకసారి దాని గురించే, దాని గురించని చెప్పకుండా, వానాకాలమంతా ముభావంగా ఉంది. అక్క ఏమనుకుందో. ఏమీ అనుకున్నట్టు లేదు, అదింకా మండింది.

"నీ వేలికేమనిపిస్తోంది?" అంది అక్క.

"నొప్పి."

"నీ నొప్పి సంగతి తర్వాత. మీట ఎలా ఉంది?"

ఆమె ఇంతసేపూ స్క్రూనే చూస్తోంది, మీట సంగతే పట్టించుకోలేదు. ఇప్పుడు చూపు తప్పించి గోడ వైపు చూసింది, తెలిసి కాదు, అలా జరిగిపోయింది, చూపు తప్పించగానే బొటనవేలికి నోరొచ్చినట్టయింది. ఇందాక మీట వదులుగా, ఎవరూ పట్టుకోని తాడులా పోయింది. ఇప్పుడు అడుగున ఏదో ఎదురొస్తోంది. గట్టి కాదు, మెత్తటి ఎదురు. నొక్కితే కాస్త ఆగి, ఒప్పుకుని, పోతోంది. "బరువెక్కింది అక్కా," అంది. "ఊఁ," అంది అక్క, "ఇప్పుడు స్క్రూ చూడు." చూస్తే నురగ లేదు. పెద్ద బుడగ ఒకటి, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత తేనె రంగు డీజిల్ ఒక సన్నటి ధారగా, పురి విప్పిన నూలులా, తెగకుండా డబ్బాలోకి. "మీట కిందికి నొక్కిపట్టి అప్పుడు బిగించు. వదిలేసి బిగిస్తే అది మళ్ళీ గుటకేస్తుంది." నొక్కిపట్టి బిగించింది. రెండో ఫిల్టర్. మళ్ళీ బుస, నురగ, బుడగలు, ధార, నొక్కిపట్టి బిగింపు. తర్వాత పంపు మీది చిన్న స్క్రూ, వేలు దూరని సందులో ఉంది, దానికి పానా ఎక్కించడానికే సగం ప్రాణం పోయింది, రెండుసార్లు జారి కణుపులు గీరుకున్నాయి. అక్కడా గాలి, అక్కడా నురగ, చివరికి అక్కడా ధార. ఒంట్లో ఇప్పుడు భయం కాదు, పని లోపలికి దారి దొరికినప్పుడు కలిగే వేడి. అయిపోయింది. ఆమె లేచింది, స్టార్టర్ వైపు ఒక అడుగు వేసింది.

"అయిందా?" అంది అక్క.

"అయిందక్కా, ధారే వస్తోంది, నొక్కేస్తున్నా."

"ఉండు. ఇప్పుడెళ్ళి పిల్లల్ని చూసిరా."

"ఏంటి?"

"చూసిరా. ప్రతి పెట్టె దగ్గరా ఆగి, సరిగ్గా చూసిరా. పరుగెత్తకు."

ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. అవి లోపల చచ్చిపోతున్నాయి, ఈ మనిషికి తనిఖీ కావాలా, ఇప్పుడు కూడా, కళ్ళు లేకపోయినా తన కళ్ళు పంపించి మరీ. కోపం గొంతు దాకా వచ్చింది, పాత ఉపాయం వెతుక్కుంది, ఊపిరి బిగిసింది. నొక్కేయొచ్చు. బటన్ చేతికి అందే దూరంలో ఉంది, అక్కకు లేచి వచ్చి ఆపే వీలు లేదు. కానీ బొటనవేలికి ఆ బరువు ఇంకా గుర్తుంది, దాన్ని పట్టించుకోమన్నది ఈ గొంతే. ఆమె వెళ్ళింది.

గుడ్ల గదిలో చీకటి, వేడి, తడి ఈకల వాసన. ట్రేల తాత చొక్కా విప్పేసి అట్టముక్కతో ఒక పెట్టెకు విసిరి, పక్క పెట్టెకు మారుతున్నాడు. "గోల తగ్గింది చిన్నమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఇందాక నన్ను పట్టుకుని తిట్టిపోశాయి. ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు వాటికి." "నీకుందా తాతా?" "నాకేం, నన్ను తిడుతున్నంతసేపే నాకూ హుషారు." ఆమె మొదటి పెట్టె ముందు ఆగింది. పరుగెత్తవద్దంది. ఆగి చూసింది. నక్షత్రంలా బీటలిచ్చిన పెంకులు, బీటలోంచి చిన్న ముక్కు, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఏమీ అనకుండా. పక్కన బయటికొచ్చినవి రెక్కలు విదిలించలేక ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. రెండో పెట్టె. మూలన ఒక గుడ్డు తీసి చెవికి ఆనించింది, పెంకు వేడిగా ఉంది, లోపల గీరుతున్న చప్పుడు, ఆగింది, మళ్ళీ గీరింది. బతికే ఉంది, చాలామటుకు బతికే ఉన్నాయి, కానీ ఎక్కువసేపు కాదు, ఇంకో విడత ఇలా అయితే కాదు. చివరి పెట్టెదాకా వెళ్ళింది. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నానని చివరి పెట్టె దగ్గరే గమనించుకుంది.

తిరిగి వచ్చేసరికి అక్క అదే పెట్టె మీద, అదే నిటారు. "ఎలా ఉన్నాయి?"

"గోల తగ్గింది."

"ఊఁ. పంపు మీది స్క్రూ మళ్ళీ తెరువు."

బిగించినదాన్ని మళ్ళీ తెరవడమేమిటి అనుకుంటూనే తెరిచింది, మీట మీద వేలు వేసింది. ధార వచ్చింది, సన్నగా, శుభ్రంగా, ఇందాకటిలాగే. చూశావా అని అనబోయింది. ధార ఎక్కిలి పెట్టింది. తెగింది. శనగగింజంత బుడగ ఒకటి స్క్రూ అంచున ఉబ్బి, పగిలి, ఆమె మణికట్టు మీద డీజిల్ చిమ్మింది. దాని వెనక ఇంకో చిన్నది. ఆ తర్వాత ధార.

ఆమె మీట నొక్కిపట్టి అలాగే ఉండిపోయింది. ఇందాక లేదు. ఇందాక నిజంగా లేదు, ఆశ పడి చూసింది కాదు, వేలు కూడా చెప్పింది. గోడలకు, మూలలకు, కాగితపు మడతలకు అంటుకుని కంటికి ఆనని రవ్వలుగా ఉన్నదంతా, ఎవరూ తోయకుండా, కదిలించకుండా వదిలేస్తే నిదానంగా పైకి తేలి, ఒకదాన్నొకటి చేరి, ఒక బుడగై కూర్చుంది. దానికి కావలసింది పంపు కాదు, వ్యవధి. ఒక మనిషి ఒక గదిలోకి వెళ్ళి, ప్రతి పెట్టె ముందూ ఆగి, పరుగెత్తకుండా చుట్టి వచ్చేంత వ్యవధి. ఇన్నేళ్ళ ఆ చుట్లన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు నడిచాయి, చేతులు వెనక్కి కట్టుకుని, మాట్లాడకుండా.

"అక్కా."

"ఏంటి?"

"నువ్వు మాటిమాటికీ మా గదిలోకి వచ్చేది దీనికోసమా? గాలి తేలాలనా?"

"మరి? ఇక్కడే కూర్చుంటే చేతులూరుకోవు. ఏదో ఒకటి కెలుకుతాను, అది చెదిరిపోతుంది."

"నేను నా ట్రేలు చూడ్డానికి వస్తున్నావనుకున్నా."

"వచ్చాక చూడకుండా ఉంటానా? చూశాను," అంది అక్క. "బాగానే ఉండేవి. తలుపు మాత్రం గట్టిగా వేసేదానివి."

ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎక్కడో సగంలో ఏడుపుకి తగిలి ఆగింది, రెండూ బయటికి రాలేదు. తెలుసన్నమాట. ఆ వానాకాలమంతా తెలిసే, ఏమీ అడగకుండా, కదిలించకుండా ఊరుకుంది. అదేం మనిషి. దొరికిన తప్పులన్నీ, గుర్రూ ఉప్పూ, ఇప్పుడు ఆమెకు ముద్దుగా తోచాయి, అంత పెద్ద ఓపిక ఉన్న ఒంట్లో ఉప్పు కొలిచేందుకు చోటు మిగలకపోవడం సహజమే అనిపించింది. ఈ గదిలో ఎవరూ చూడకుండా ఇలా ఎన్నిసార్లు, ఎన్ని మధ్యాహ్నాలు, నొక్కేయాలన్న తొందరను పక్కన పెట్టి లేచి నడిచి ఉంటుంది. అవతల పిల్లలు గోల పెడుతున్నప్పుడు నెమ్మదిగా నడవడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడే, ఈ కాళ్ళతోనే తెలిసింది.

స్క్రూ దగ్గర ధార తెగలేదు. ఆమె మీట ఇంకా నొక్కింది, వదిలింది, గోడ వైపు చూస్తూ నొక్కింది, వేలి కింద బరువు మొదటినుంచి చివరిదాకా ఒకేలా వచ్చింది, ఎక్కడా గుంట లేదు. నొక్కిపట్టి బిగించింది. ఇంకోసారి చుట్టి రావాలా. మళ్ళీ వదిలేస్తే మళ్ళీ ఒక రవ్వ తేలుతుందేమో. ఎప్పటికి చాలు. దీనికి ముగింపు ఎవరు చెప్పాలి. గోడ అవతల అట్టముక్క చప్పుడు మందగించింది, తాత చేతులు పడిపోతున్నాయి, దాని వెనక కిచకిచ ఇప్పుడు విడివిడిగా, ఇక్కడొకటి అక్కడొకటి, పేరు పెట్టి పిలిచేలా వినిపిస్తోంది.

"అక్కా, ఒక్కసారి వచ్చి వేలు పెట్టి చూడవా. నేను పట్టుకుని తీసుకొస్తా, వంగక్కర్లేదు."

"నా చేతులు సబ్బుతో కడుక్కున్నాను. కంట్లో చుక్కలు వేసుకోవాలి. డీజిల్ చేత్తో వేసుకోమంటావా?"

చుక్కల వేళ ఇది కాదు. అసలు రోజూ కట్టు విప్పి ఆ చుక్కలు వేసేది తనే, అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని పసిపిల్లలా నోరు తెరుచుకుంటుంది, కంట్లో వేసే మందుకి నోరెందుకు తెరుస్తావని నవ్వుకుంటారు ఇద్దరూ. ఆమె పానా గుడ్డ మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది, వేళ్ళ సందుల్లో కూడా. స్టార్టర్ దగ్గరికి నడిచి బొటనవేలు బటన్ మీద ఆనించింది. చల్లగా ఉంది. ఒక్కసారి. ఇది అందుకోకపోతే అన్న ఆలోచన వచ్చి నిలబడింది, ఆమె దాన్ని తోయలేదు, దానితో వాదించలేదు. ఎవరైనా నొక్కమంటే బాగుండునని మాత్రం, పాత అలవాటు కొద్దీ, గుమ్మం వైపు తిరిగింది.

అక్క గుడ్ల పెట్టె మీంచి లేచి నిలబడి ఉంది. ఇటు చూడడం లేదు. మొహం గోడ వైపు తిప్పుకుని, కట్టు కట్టిన కంటి మీద అరచెయ్యి దొప్పలా కప్పి, రెండో చేత్తో ముక్కుకి టవల్ అడ్డం పెట్టుకుంది. ఈ ఇంజను అందుకోగానే మొదటి గుక్క నల్లటి పొగను గదిలోకే కక్కుతుంది. అందుకోకపోతే ఏ పొగా ఉండదు.

ఆమె బటన్ నొక్కింది.